గునపాలు దించండి, అక్కడ నిధి లేదు

చిల్కానగర్ నుంచి నాగోలు మీదుగా మూసీ దాటితే చైతన్యపురిలో కొసగుండ్ల నరసింహస్వామి గుట్ట వస్తుంది. అక్కడి బండ మీద బ్రాహ్మీ లిపిలో శాసనం ఉంది. అది విష్ణుకుండి రాజు దాచిన నిధికి ఆనవాలని మొన్న మా గల్లీ చాయ్ బండి దగ్గర మళ్లీ విన్నాను. ఒళ్లు మండింది. ఈ మాట నమ్మే కదా, ఊరూరా పాత గుళ్లలో నందులను పగలగొట్టి లింగాలను పెకిలిస్తున్నారు!

పొద్దున ఏటవాలు ఎండలో చూస్తే ఆ అక్షరాల గీతలు తేలి కనిపిస్తాయి. భాష ప్రాకృతం. అందులో గోవిందరాజ విహారం పేరుంది, భిక్షువుల ప్రస్తావన ఉంది. బంగారం ఊసే లేదు. విష్ణుకుండి గోవిందవర్మ సొత్తు ఎటు పోయిందో తుమ్మలగూడెం రాగిరేకులు చెబుతాయి: రాణి పరమభట్టారికా మహాదేవి కట్టించిన విహారానికి ఆయన ఊళ్లు రాసిచ్చాడు. అదే వంశపు మాధవవర్మ 11 అశ్వమేధాలు చేశాడని శాసనాలు అంటాయి. చేతికొచ్చింది దానాలకూ యజ్ఞాలకూ పోయింది. ఇక పాతిపెట్టిందెప్పుడు?

రాజుల సమాధుల్లో బంగారం ఉండదా అంటారు. ఉంటుంది, కాదనను. దాదాపు విష్ణుకుండుల కాలంవాడే అయిన ఫ్రాంకుల రాజు చిల్డెరిక్ సమాధి 1653లో టూర్నేలో బయటపడితే సుమారు 300 బంగారు తేనెటీగలు దొరికాయి. 1831లో పారిస్‌లో దొంగలు వాటిని ఎత్తుకెళ్లి కరిగించారు. మిగిలినవి రెండే. కానీ మన రాజులకు చేసింది దహనం. తవ్వడానికి సమాధి ఏది? కుండలూ దొరుకుతాయి, నిజమే. 2024లో సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో పురావస్తు శాఖకు 3,730 నాణేలున్న కుండ దొరికింది. అన్నీ సీసం నాణేలే.

బెజవాడలో మాధవవర్మ కాలాన కురిసిందనే కనకవర్షం భక్తుల కథ. దాన్ని పట్టుకుని గునపం ఎత్తకండి.

గుట్టకు వెళ్తే శాసనం మీద సున్నం, పసుపు, రంగు పూయకండి. సుద్దముక్కతో దిద్దకండి, ఫొటో చాలు. ఉప్పల్‌లో ఇంటి పునాదికి తవ్వుతుంటే పాత కుండో రేకో తగిలితే జేసీబీ ఆపించి తహశీల్దారుకు చెప్పండి. పది రూపాయలకు మించిన విలువ ఉంటే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధుల చట్టం. రాగిరేకు దొరికితే తోమకండి, పాతసామాన్ల కొట్టుకు అసలే వేయకండి. గోవిందవర్మ దానం సంగతి మనకు మిగిలింది అలాంటి రేకుల మీదే.