కీబోర్డు ఎవరి దగ్గరుంది?

రికార్డు సబ్మిషన్ ముందురోజు రాత్రి. నా లినక్స్ పీసీలో నడుస్తున్న విండోస్ వర్చువల్ మెషీన్‌కి ఉన్న ఒక్క కీబోర్డు, మౌస్ రెండూ యూఎస్‌బీ పాస్‌త్రూలో ఇచ్చేశాను. విండోస్ కాస్తా బిగుసుకుపోయింది. ఇటు లినక్స్‌లో రికార్డు ఫైలు సేవ్ చేయలేదు, చేద్దామంటే కీబోర్డే లేదు!

పాస్‌త్రూలో పరికరం ఒకేసారి ఇద్దరి దగ్గర ఉండదు. క్యూఈఎమ్‌యూ దాన్ని లినక్స్ డ్రైవర్ నుంచి విడదీసి గెస్ట్‌కి అప్పగిస్తుంది. ఇల్లు మనదే, తాళంచెవి అద్దెకున్నవాళ్ల దగ్గర! వైరు పీకి మళ్లీ పెట్టాను, లాభం లేదు. నేనిచ్చింది వెండర్ ఐడీ, ప్రొడక్ట్ ఐడీ కదా, అవి చూసి మళ్లీ లాగేసుకుంది.

స్కానర్‌కైతే ఇది ఓకే. కీబోర్డుకి ఎవ్‌డెవ్ పద్ధతి మేలు. ఇందులో కీబోర్డు లినక్స్ దగ్గరే ఉంటుంది. క్యూఈఎమ్‌యూ దాని ఈవెంట్ ఫైలు చదివి, నొక్కిన కీలను గెస్ట్‌కి చేరవేస్తుంది. రెండు కంట్రోల్ కీలూ కలిపి నొక్కితే అటు, మళ్లీ నొక్కితే ఇటు. ఆ నొక్కుడు కనిపెట్టేది క్యూఈఎమ్‌యూ కాబట్టి, విండోస్ బిగుసుకున్నా మనం బయటికి రావచ్చు. ఫైలు పేరు మాత్రం బై-ఐడీ ఫోల్డర్‌లోంచే తీసుకోండి, ఈవెంట్ నంబర్లు రీబూట్ చేస్తే మారిపోవచ్చు.

ఆ రాత్రి మాత్రం ఫోన్‌లోంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో లాగిన్ అయి వీఎంని ఆపేశాను. కీబోర్డు తిరిగొచ్చింది. ముందు కంట్రోల్ ఎస్ కొట్టాను.