‘వోక్’, ‘వీగన్’ – రెండు కొత్త మాటలు, పెద్దల అభ్యంతరాలు

ఇంటిలో మనుమడో మనుమరాలో ఒకనాడు భోజనాల వేళ "ఇకమీదట నేను పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడ ముట్టను, నేను వీగన్‌ను" అని ప్రకటిస్తే పెద్దలు మొదట అడిగే ప్రశ్న సిద్ధాంతానికి సంబంధించినది కాదు. "ఒంట్లో బాగుండలేదా బేటా?" అని నుదుటిపై చేయి వేసి చూస్తారు. జ్వరం లేదని తేలిన తరువాతనే వాదం మొదలవుతుంది. ఆ వాదంలో ఈ మధ్య మరొక ఆంగ్లపదం కూడ వచ్చి చేరుతున్నది. అది ‘వోక్’. విదేశాలలో చదువుకొంటున్న పిల్లల ద్వారా, ఆంగ్ల పత్రికల ద్వారా మన ఇండ్లకు చేరిన ఈ రెండు మాటలను పెద్దలలో చాలమంది ఒకే సంచిలో వేసి ఒక మూలకు నెట్టివేస్తున్నారు. అవి ఎక్కడ పుట్టినవి, ఎట్లు జతపడినవి, ఆహారపు పొట్లాలపై ‘వీగన్’ గుర్తు వేయడం విషయంలో పెద్దలకు గల అభ్యంతరాలలో ఏవి నిలుస్తాయి, ఏవి నిలువవు అను సంగతులను ఈ వ్యాసంలో మా శక్తి మేరకు వివరించదలచినాము.

‘వోక్’ అనగా మేలుకొని ఉన్నవాడు. ఉర్దూలోని ‘బేదార్’ అన్న మాట దీనికి చక్కగా సరిపోతుంది. ఇది అమెరికాలోని నల్లజాతి ప్రజల వాడుకభాషలో పుట్టినది. 1931లో అలబామా రాష్ట్రంలో తొమ్మిదిమంది నల్లజాతి కుర్రవాండ్రపై, రైలులో ఇద్దరు తెల్లజాతి స్త్రీలను చెరిచినారని అబద్ధపు నేరం మోపి, వారిలో ఎనిమిదిమందికి మరణశిక్ష విధించినారు. ఆ శిక్షలు అమలు జరుగలేదు కాని వారి యౌవనంలో ఎన్నో ఏండ్లు చెరసాల పాలైనవి. ఆ ఉదంతంపై పాట కట్టిన లెడ్ బెల్లీ అను గాయకుడు 1938 నాటి రికార్డులో, ఆ ప్రాంతానికి పోయే తనవారిని జాగ్రత్తగా ఉండుమని, మేలుకొని ఉండుమని హెచ్చరించినాడు. అనగా మొదట ఈ మాట ఒక అభిప్రాయానికి పేరు కాదు, ప్రాణరక్షణకై చెప్పిన జాగ్రత్త. 1962లో విలియం మెల్విన్ కెల్లీ అను నల్లజాతి రచయిత న్యూయార్క్ టైమ్స్‌లో వ్రాసిన వ్యాసపు శీర్షికలోనే ఈ మాట ఉన్నది. తమవారి మాటలను ఇతరులు ఎరువు తెచ్చుకొనగానే వాటి అర్థం మారిపోతూ ఉంటుందని ఆ వ్యాసంలో ఆయన గమనించినాడు. చివరకు ఈ మాటకే ఆ గతి పట్టినది. 2014లో ఫెర్గూసన్ పట్టణంలో ఒక నల్లజాతి యువకుడు పోలీసు కాల్పులలో మరణించిన తరువాత ఉద్యమకారుల నోట ఇది లోకమంతట వ్యాపించినది. 2017లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకు ఎక్కినది. ఆపై కొద్ది ఏండ్లకే ఎగతాళి మాటగా మారినది. ఈనాడు తనను తాను ‘వోక్’ అని చెప్పుకొనేవారి కంటె ఇతరులను అట్లు పిలిచేవారే ఎక్కువగా కనబడుతున్నారు.

‘వీగన్’ చరిత్ర ఇంత దుఃఖకరమైనది కాదు. 1944 నవంబరులో, యుద్ధం ఇంకను సాగుతుండగా, ఇంగ్లండులో వడ్రంగం పని నేర్పే ఉపాధ్యాయుడు డోనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు కొందరు కలసి, శాకాహారులలో పాలు, గ్రుడ్లు కూడ విడిచిన వారికై ఒక ప్రత్యేక సంఘాన్ని స్థాపించినారు. ‘వెజిటేరియన్’ అను ఆంగ్లపదంలోని మొదటి మూడు అక్షరాలను, చివరి రెండు అక్షరాలను కలిపితే వచ్చినది ఈ పేరు. దూడను తల్లి నుండి వేరు చేయక, మగదూడలను, వట్టిపోయిన పశువులను కబేళాకు పంపక పాడి వ్యాపారం సాగదు గనుక, మాంసం మాని పాలు త్రాగడం సగం దారిలో ఆగిపోవడమేనని వారి వాదం. "పాలు మానితే మనిషి నిలుస్తాడా?" అని అడిగే పెద్దలకు, వాట్సన్ 1910లో పుట్టి 2005లో, తొంబది ఐదేండ్లు నిండిన తరువాత మరణించినాడని చెప్పవచ్చును. ఒక్క మనిషి ఆయుర్దాయం ఋజువు కాదనుట నిజమే. బి12 విటమిన్ మొక్కల ఆహారంలో నమ్మదగిన మోతాదులో దొరకదు. వీగన్లు దానిని మాత్రల రూపంలోనో, ప్రత్యేకంగా కలిపిన ఆహారంలోనో తీసుకొనవలసినదే. అయితే వయసు మీరినకొద్ది ఆహారం నుండి ఈ విటమిన్‌ను గ్రహించే శక్తి చాలమందిలో తగ్గుతుంది. కాబట్టి మనుమరాలిని గూర్చి బెంగపడే నాయనమ్మ తన రక్తపరీక్షను కూడ ఒకసారి చేయించుకొనడం మంచిది.

ఇదంతా పాశ్చాత్యుల వెర్రి అని త్రోసివేసే పెద్దలకు, అందులోను ఉర్దూ సాహిత్యం చదివిన పెద్దలకు, అబుల్ అలా మఅర్రీని గుర్తు చేయవలసి ఉన్నది. సిరియాలో 973లో జన్మించి, బాల్యంలోనే మశూచి వలన చూపు కోల్పోయిన ఈ అరబ్బీ మహాకవి మాంసం, చేపలు, గ్రుడ్లు, పాలు, చివరకు తేనెటీగలు తమకై కూడబెట్టుకొన్న తేనెను కూడ తప్పుపట్టి, 1057లో మరణించే వరకు దశాబ్దాల తరబడి ఆ నియమం పాటించినాడు. ఫాతిమీ రాజ్యపు ధర్మప్రచారకుడైన అల్ ముఅయ్యద్ షీరాజీ ఉత్తరాలు వ్రాసి ఈ నియమానికి కారణమేమని ఆయనను నిలదీసినాడు. ఇక్బాల్ ‘బాలె జిబ్రీల్’లో ఈయన పేరిట ఒక కవిత ఉన్నది. అందులో కరుణ కంటె బలహీనతను గూర్చిన పాఠమే ప్రధానం. అనగా పాలు, మాంసం విడిచినవానితో వాదించడం కూడ మన సాహిత్యానికి కొత్త కాదు.

ఇక ఈ రెండు మాటలు జతపడినది ముఖ్యంగా బ్రిటనులో. 2019 జనవరిలో అక్కడి ఒక పెద్ద రొట్టెల దుకాణాల సంస్థ మాంసం లేని సాసేజ్ రోల్‌ను అమ్మకానికి పెట్టగా, పియర్స్ మోర్గన్ అను టెలివిజన్ వ్యాఖ్యాత బహిరంగంగా విరుచుకుపడినాడు. ఆ ఎగతాళి వలన ఆ రొట్టెకు వచ్చిన ప్రచారం డబ్బు పెట్టి కొన్నా రాదు. 2022 అక్టోబరు 18న అప్పటి హోం మంత్రి సుయెల్లా బ్రేవర్‌మన్ పార్లమెంటులో, రహదారులను అడ్డగించిన నిరసనలకు కారణం చెబుతూ, సోయా పనీరైన టోఫు తినేవారిని, ‘వోక్’ వారిని ఒకే మాటలో కలిపి నిందించినది. చైనాలో ఎన్నో వందల ఏండ్లుగా అవ్వలు, తాతలు తింటున్న టోఫు లండనులో రాజకీయపక్షానికి గుర్తు కావడం విచిత్రమే. మరొక వైపు 2020 జనవరిలో అక్కడి ఉద్యోగుల న్యాయస్థానమొకటి, 2010 నాటి సమానత్వ చట్టం క్రింద నైతిక కారణాల వలన పాటించే వీగన్ నియమానికి మతవిశ్వాసం వలెనే రక్షణ కలదని తీర్పు చెప్పినది. తిండి విషయం విశ్వాసపు మెట్టుకు ఎక్కినపుడు వాదం పెరుగకుండునా?

పెద్దల అయిష్టానికి మరొక లోతైన కారణం ఉన్నదని మా అభిప్రాయం. బ్రిటనులో మాంసంపై రేషన్ 1954 జూలై వరకు ఉండెను. ఆనాటి పిల్లలే ఈనాటి ముసలివారు. వారానికి ఒకనాడు దొరికిన మాంసపు ముక్కను పంచుకొని తిన్నవారికి, నిండు పళ్లెమును ప్రక్కకు నెట్టే యువకుడు త్యాగిగా కనబడడు, కలిగినవాడి కొడుకుగా కనబడతాడు. మన దేశంలోను ఇంతే. పాల వెల్లువ పథకం మొదలైనది 1970లో. అంతకు ముందు పట్టణాలలో పాలకు తెల్లవారుజామున సీసాలు పట్టుకొని వరుసలో నిలిచిన తరం ఇంకను మన మధ్య ఉన్నది. వారికి గ్లాసెడు పాలు బిడ్డకు ఇవ్వగలగడమే సంసారం నిలద్రొక్కుకొన్నదనడానికి గుర్తు. ఆ గ్లాసును తిరస్కరిస్తే వారి జీవితకాలపు శ్రమనే తిరస్కరించినట్లు తోస్తుంది. దీనిని ‘వెనుకబాటుతనం’ అని పేరు పెట్టి కొట్టివేసే విద్యార్థి తాను మేలుకొన్నానని ఎంత చెప్పుకొన్నా సగం నిద్రలోనే ఉన్నాడు.

పెద్దలు కూడ ఒకటి జ్ఞాపకం ఉంచుకొనవలెను. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1870లో ‘తహ్జీబుల్ అఖ్లాఖ్’ పత్రిక ప్రారంభించినపుడు ఆయనపై ఫత్వాలు వెలువడినవి. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించిన కందుకూరి వీరేశలింగం పంతులు వెలిని భరించినాడు. ఆనాడు ‘వోక్’ అను మాట ఇక్కడ ఉన్నట్లయితే వారిద్దరినీ అదే మాటతో పిలిచి ఉండేవారు. పాలు మానడం, వితంతువులకు వివాహం చేయడం ఒకటేనని మా భావం కాదు. ఎగతాళి మాట దొరికినంత మాత్రాన ఎదుటివారి వాదానికి జవాబు దొరికినట్లు కాదని మాత్రమే.

ఇక గుర్తుల సంగతి. "తినేదానికి బిల్ల ఎందుకు? నోరున్నది, ముక్కున్నది" అని పెద్దలు అంటారు. ఇది నిలిచే వాదం కాదు. వంటింటిలో కంటి ముందు వండినదానికి అది చాలును. పొట్లంలో వచ్చేదానికి చాలదు. 2017 డిసెంబరులో ఇంగ్లండులోని బాత్ నగరంలో, పాలు బొత్తిగా పడని ఒక స్త్రీ, పాలు లేనిదని నమ్మి ఒక వీగన్ రొట్టెచుట్ట కొని తిని మరణించినది. అందులోని కొబ్బరి పెరుగుకు వాడిన పిండిపదార్థంలో పాల మాంసకృత్తులు కలిసి ఉన్నవని 2022లో మరణ విచారణాధికారిణి తేల్చినది. ‘వీగన్’ అను గుర్తు ఆచరణను తెలుపుతుందే గాని, వైద్యపరమైన హామీ కాదు. బ్రిటను చట్టంలో ఆ మాటకు నిర్వచనం కూడ లేకుండెను. గుర్తును నమ్మని ముసలివారి అనుమానం ఇక్కడ ప్రాణం కాపాడగలిగినదే.

మన దేశంలో చట్టం మరొక విధంగా ఉన్నది. ఆకుపచ్చ చుక్క ఉన్న పొట్లంలో పాలు, నెయ్యి, తేనె ఉండవచ్చును. గ్రుడ్డు ఉండరాదు. మాంసాహారపు గోధుమరంగు చుక్కను, రంగులు గుర్తించలేనివారి సౌకర్యం కొరకు 2020 నిబంధనలలో త్రికోణంగా మార్చినారు. ఆకుపచ్చ ‘వి’ అక్షరంపై చిన్న ఆకు ఉండే వీగన్ గుర్తు 2022 నిబంధనలతో చట్టబద్ధమైనది. ఈ గుర్తు కావలెనన్నచో దినుసులలోనే కాక, తయారీలో వాడే ఎంజైములు మొదలగు సహాయక పదార్థాలలో కూడ జంతుసంబంధమైనది ఏదియు ఉండరాదు.

ఈ గుర్తులను అందరికంటె ముందుగా, అందరికంటె శ్రద్ధగా చదువుతున్నది మన ఇండ్లలోని పెద్దలే! జున్నును విరిచిన రెన్నెట్ ఎక్కడిది, మిఠాయిలోని జెలటిన్ ఏ జంతువుది, మందుబిళ్ల గొట్టం దేనితో చేసినది అని వారు మొదటి నుండి అడుగుతూనే ఉన్నారు. హలాల్ గుర్తు లేనిచోట ఆకుపచ్చ చుక్కను చూచి తృప్తిపడే ముస్లిం కుటుంబాలు ఎన్నో కలవు. అందులో అర్థం ఉన్నది, ఒక చిక్కు కూడ ఉన్నది. ఆకుపచ్చ చుక్క గాని, వీగన్ గుర్తు గాని మద్యసారం లేదని చెప్పవు. ద్రాక్షసారా కూడ వీగన్ కావచ్చును. అందువలన గుర్తుతో ఆగక దినుసుల పట్టిక చదువవలెను. 120 సంఖ్య గల ఎరుపు రంగు ఒక పురుగు నుండి వస్తుంది. 471, 631 సంఖ్యలు గలవి మొక్కల నుండి రావచ్చును, జంతువుల నుండి రావచ్చును. ఈ సందిగ్ధం తొలగించడానికే 2021 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు, ప్రతి దినుసు మొక్క నుండి వచ్చినదో, జంతువు నుండి వచ్చినదో, ప్రయోగశాలలో తయారైనదో ఎంత స్వల్పమైనను తెలుపవలెనని ఆదేశించినది.

‘సోయా పాలు’ అనవచ్చునా అను తగవును గూర్చి రెండు మాటలు చాలును. 2017లో ఐరోపా న్యాయస్థానం మొక్కల పానీయాలను పాలు అని అమ్మరాదన్నది. 2021లో మన ఆహార భద్రతా సంస్థ కూడ అదే దారి పట్టగా, కొన్ని కంపెనీలు ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించినవి. జిల్లేడు పాలు, మర్రి పాలు, కొబ్బరి పాలు అని అనాదిగా అంటున్న తెలుగువారికి ఈ తగవు వింతగానే ఉంటుంది.

అన్ని గుర్తులకు ఒకే ఆదరణ లేదనునది కూడ చెప్పక తప్పదు. 2023 నవంబరులో ఉత్తర ప్రదేశ్ ప్రభుత్వం హలాల్ ధ్రువీకరణ గల ఆహారపదార్థాల తయారీని, అమ్మకాన్ని నిషేధించినది. ఎగుమతికై తయారైనవాటికి మాత్రం మినహాయింపు ఇచ్చినది. ఒకరి నియమానికి రాజముద్ర వేసి, మరొకరి నియమపు ముద్రను నేరంగా ఎంచడం న్యాయం కాదని మేము భావిస్తున్నాము. వీగన్ గుర్తు కావలెనని కోరే విద్యార్థి, హలాల్ గుర్తు వెదికే తాతగారు ఇద్దరూ అడుగుతున్నది ఒకే హక్కు: తన నోట పడుతున్నది ఏమిటో తనకు తెలియడం.

పెద్దలు చెప్పే మరొక ఫిర్యాదును పత్రికలు పట్టించుకొనడం లేదు. అది అక్షరాల పరిమాణం. అద్దాలు పెట్టుకొన్నా చదువరాని అక్షరాలలో, ఇంటిలో పెద్దవారికి రాని ఆంగ్లంలో దినుసుల పట్టిక అచ్చు వేసి, పైన మాత్రం ఆకుపచ్చ గుర్తు పెద్దదిగా వేయడంలో ఎవరికి ప్రయోజనమో ఊహించవచ్చును.

పొట్లాల సంగతి మన చేతిలో లేదు. కళాశాల వార్షికోత్సవపు విందు మన చేతిలో ఉన్నది. విద్యార్థులతోపాటు వారి తల్లిదండ్రులు, తాతలు, అవ్వలు ఆనాడు వస్తారు. ప్రతి వంటకం వద్ద అందులో వాడిన నూనె లేక నెయ్యి, పాలు, వేరుసెనగ, జీడిపప్పు, మాంసమైతే హలాల్ విషయం, తెలుగులోను ఉర్దూలోను దూరం నుండి కనబడే పెద్ద అక్షరాలతో అట్టపై వ్రాసి ఉంచవలెనని కళాశాల కమిటీ వారిని కోరుతున్నాము. వ్రాతపనికి రెండు భాషల విద్యార్థులమూ సిద్ధంగా ఉన్నాము. అట్టలు, సిరా మాత్రం కమిటీవారు ఇప్పించవలెను.