జౌహర్: ఆయుధమూ, అలంకారమూ

ఉర్దూలో ‘జౌహర్’ అనే మాటకు రత్నమని అర్థం. మనిషిలోని సహజ ప్రతిభ అనీ అర్థం. మేలైన ఖడ్గపు ఉక్కు మీద నీటి అలలవలె కనిపించే చారలను కూడా జౌహర్ అనే పిలుస్తారు. వస్తువుకు అందం పైనుంచి వస్తుందా, లోపలినుంచి వస్తుందా? అలంకారశాస్త్రం చదివే మన తెలుగు విద్యార్థులు కూడా ఆలోచించదగిన ప్రశ్న ఇది. దీనిని వివరించడానికి ముందుగా ఒక పరదేశపు తుపాకిని, తరువాత మన ప్రాంతపు ఉక్కును పరిశీలిద్దాము.

1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’ విడుదలైన నాటినుండి కౌబాయ్ వేషం తెలుగు ప్రేక్షకులకు సుపరిచితమే. అమెరికాలో కౌబాయ్ పేరుతో ముడిపడిన ఆయుధం లీవర్ రైఫిలు. వించెస్టర్ సంస్థవారి 1873 నమూనా వీటిలో ప్రసిద్ధమైనది. ట్రిగ్గర్ చుట్టూ ఉన్న ఇనుప పిడియే లీవరు. దానిని క్రిందికి, ముందుకు త్రోస్తే పేలిన తూటా గుల్ల బయటపడుతుంది. సుత్తి వెనుకకు వంగి సిద్ధమవుతుంది. పిడిని తిరిగి పైకి లాగగానే కొత్త తూటా లోపల అమరుతుంది. గుర్రపురౌతు దానిని జీను ప్రక్కనున్న తోలు ఒరలో పెట్టుకొనేవాడు. అందువల్ల సన్నగా ఉండి, దేనికీ తగులుకోకపోవడమే దాని సుగుణము.

సినిమా దానికి కొత్త సొగసులు దిద్దింది. 1939 నాటి ‘స్టేజ్‌కోచ్’ చిత్రంలో జాన్ వేన్ ఆ తుపాకిని ఒంటిచేత్తో గిరగిర త్రిప్పుతాడు. అందుకోసం పిడిని పెద్ద వలయంగా మార్చారు. చంకకు తగలకుండా గొట్టాన్ని కురుచ చేశారు. 1958లో టెలివిజన్‌లో మొదలైన ‘ది రైఫిల్‌మన్’ ధారావాహికలో ఇంకొక అడుగు వేశారు. పిడి మూసీ మూయగానే ట్రిగ్గరును తనంతట తానే నొక్కే ఒక మరను బిగించారు. చూడడానికి ఇవి ముచ్చటగొలుపుతాయి. కాని పెద్ద వలయం ఒరలో ఇమడదు, పొదలకు తగులుకుంటుంది. ఆ మర ఉన్న తుపాకి గురి చూడకముందే ప్రేలుతుంది. బంగారుపూత ఎండలో తళుక్కుమని మనిషి ఉనికిని చాటుతుంది. కొయ్య పిడిమీద లోతుగా చెక్కిన లతలు, ప్రేలుడు వెనుకకు తన్నే దెబ్బను భరించవలసిన ఆ కొయ్యనే బలహీనపరుస్తాయి.

అయితే ఆయుధానికి అందమే కూడదా? అట్లా అనరాదు. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో జహంగీరు, నూర్జహానుల పేర్లతో చూపే పచ్చరాతి పిడుల బాకులున్నవి. అవి యుద్ధభూమికి కాక దర్బారుకు తగినవి. అక్కడ అలంకారమే వాటి పని. దర్బారు సొగసును యుద్ధానికీ, యుద్ధసాధనాన్ని వేషానికీ వాడినప్పుడే చిక్కు వస్తుంది. మన ఆలంకారికులు ఔచిత్యమన్నది దీనినే. క్షేమేంద్రుడు 11వ శతాబ్దంలో ఈ ఒక్క విషయం మీదనే గ్రంథం వ్రాసినాడు.

ఇక మన ఉక్కు. కోనసముద్రం నేడు నిజామాబాదు జిల్లాలో, మన పూర్వపు ఉమ్మడి కరీంనగర్ జిల్లా సరిహద్దుకు సమీపంలో ఉన్నది. అక్కడ ఉక్కు తయారుచేసే విధానాన్ని వాయిసీ అనే ఆంగ్లేయుడు వర్ణించగా, అది 1832లో అచ్చయినది. ఆ ఉక్కు కోసం పారశీక వర్తకులు అంత దూరంనుండి వచ్చేవారు. కమ్మరులు ఇనుమును మట్టి మూసలలో పెట్టి, మూతవేసి, బొగ్గుల కొలిమిలో కరగించి, నెమ్మదిగా చల్లార్చేవారు. ఆ ఉక్కులో కర్బనం సుమారు ఒకటిన్నర శాతం ఉంటుంది. నిదానంగా చల్లార్చి, తగిన వేడిలో సాగగొట్టినప్పుడు కర్బనంతో కూడిన గట్టి కణాలు వరుసలు తీరుతాయి. ఖడ్గానికి మెరుగుపెట్టి ఆమ్లద్రవం పూయగానే ఆ వరుసలే అలలవలె బయటపడతాయి. జౌహర్ అంటే అదే. పూసింది కాదు, చెక్కింది కాదు. పనితనమే పైకి తేలి కనిపించడము.

కర్మాగారాల ఉక్కు చౌకగా రావడంతో ఆ కొలుములు క్రమంగా చల్లారినవి. 2010లో బెంగుళూరు జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఉత్తర తెలంగాణ గ్రామాలలో తిరిగి చిట్టెపు దిబ్బలను, మూసల ముక్కలను నమోదు చేశారు. ఆ కమ్మరులు గ్రంథాలు వ్రాయలేదు; వారు విడిచిన చిట్టెమే వారి గ్రంథము. విద్యార్థులారా! మీ ఊరి పొలం చదును చేసేటప్పుడు అటువంటి నల్లని ముక్క దొరికితే పారవేయకండి. దొరికిన చోటు గుర్తుపెట్టుకొని మన చరిత్ర శాఖకు తెలియజేయండి.

జవాబుపత్రాలు దిద్దేటప్పుడు నాకు పెద్ద వలయపు రైఫిళ్ళు తరచుగా ఎదురవుతాయి: బారెడు సమాసం, లోపల తూటా శూన్యం. ఎప్పుడో ఒక పత్రంలో నాలుగే పంక్తులుంటాయి. కాని వ్రాసినవాడు విషయాన్ని నిజంగా అర్థం చేసుకున్నాడని ప్రతి మాటా చెబుతుంది. అది చూసిన రోజున, కొలిమి ఇంకా పూర్తిగా చల్లారలేదని నాకు తోస్తుంది.