ఆకులు రాలని ఊళ్ళో బొంత కుట్టే కాలం



తెలుగునాట నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేశాయంటే, మర్నాడు పత్రికల్లో "అతుకుల బొంత" అన్న మాట కనిపించి తీరుతుంది. రేపో మాపో చిరిగిపోతుందని ఎగతాళి అన్నమాట. ఆ మాట రాసేవాళ్ళెవరూ బొంత కుట్టడం దగ్గర కూర్చుని చూసి ఉండరని నా అనుమానం. మా ఇంట్లో చీరలు పోయాయి, దుప్పట్లు పోయాయి, అమ్మమ్మ కుట్టిన బొంత మాత్రం ఇంకా ఉంది. ఈవేళ ఆ బొంత గురించీ, కాస్త అల్లికల గురించీ మాట్లాడుకుందాం.

అక్టోబరు వచ్చిందంటే టొరాంటో నుంచీ న్యూజెర్సీ నుంచీ మనవాళ్ళు పంపే ఫొటోలు మొదలవుతాయి. ఎర్రబడ్డ మేపుల్ చెట్లు, సోఫాలో ఊలు ఉండలు, సగం అల్లిన మఫ్లరు. మెల్‌బోర్న్ వాళ్ళకి అదే వరస ఏప్రిల్లో. మా సుంగై సుమున్‌లో ఆ గొడవ లేదు. మలేషియాలో పేరాక్ రాష్ట్రం, బగాన్ దాతు జిల్లాలో చిన్న ఊరు మాది. భూమధ్యరేఖకి సుమారు 4 డిగ్రీల ఉత్తరాన ఉంటాం. చుట్టూ కొబ్బరి, పామాయిలు తోటలు. వీటికి ఆకులు రాల్చే ఋతువంటూ లేదు. రాత్రిపూట కూడా 23 డిగ్రీల కిందకి దిగడం అరుదు. అయితే పంచాంగం మాకూ ఉంది కదా, ఆశ్వయుజం, కార్తీకం మాకూ వస్తాయి. దీపావళికి ముందూ వెనకా వానలు పట్టుకుంటాయి. సాయంత్రం నాలుగింటికి ఆకాశం నల్లబడి, రేకుల మీద వాన మొదలైతే పక్కన కూర్చున్నవాళ్ళ మాట కూడా వినపడదు. బయటికి పోయే పని ఉండదు. మాకు సూదీ దారం బయటికి తీసే కాలం అదే.

ముందు ఊలు సంగతి తేల్చేద్దాం. ఊలు స్వెట్టరు మా ఊళ్ళో ఏడాదికి ఒక్కసారి పనికొస్తుంది, తాపా మీదుగా కామెరాన్ హైలాండ్స్ కొండలెక్కినప్పుడు. మిగతా పదకొండు నెలలూ అలమారలో బూజు పట్టకుండా దాన్ని కాపాడుకోవడమే పని. నిజానికి కోస్తా తెలుగువాళ్ళ చేతుల్లో ఉన్న అల్లిక ఊలుది కాదు, నూలుది. నర్సాపురం, పాలకొల్లు ప్రాంతంలో 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన లేసు అల్లిక అది. ఒకే ఒక్క కొక్కెం సూది, తెల్లటి నూలు దారం, అంతే సరంజామా. తేమ దేశానికి చక్కగా సరిపోతుంది. కానీ దాన్ని "ఆడవాళ్ళు తీరిక వేళల్లో చేసుకునే పని" అని ఎవరైనా అంటే మారియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలి పుస్తకం గుర్తుకొస్తుంది. 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్', 1982లో వచ్చింది. రోజుకి ఆరేసి, ఎనిమిదేసి గంటలు అల్లి, దేశాలకి ఎగుమతయ్యే సరుకు తయారుచేసే స్త్రీలని "ఇంట్లో కూర్చున్న గృహిణులు" అని లెక్కగట్టి, ఎంత తక్కువ కూలి ఇచ్చేవారో ఆవిడ చూపించింది. మనం వానాకాలంలో సరదాగా పట్టుకునే పని ఇంకొకరికి కూడు పెట్టే పని కావచ్చు. బజార్లో చేతి అల్లిక లేసు కొనేటప్పుడు బేరం ఆడే ముందు ఇది గుర్తు పెట్టుకుంటే బాగుంటుంది.

ఇక బొంత. చాలామంది పిల్లలు దీన్ని పరుపుతోనూ రజాయితోనూ కలిపేస్తారు. పరుపులో దూది ఉంటుంది, దాన్ని ఏకి నింపడానికి దూదేకులవాళ్ళు కావాలి. రజాయిలోనూ దూదే. బొంతలో దూది ఉండదు. పాత చీరలు, పాత పంచెలు పొరలు పొరలుగా పరిచి, అన్నీ కలిసిపోయేలా కుట్టినదే బొంత. బెంగాల్లో కాంథా అన్నా, మహారాష్ట్రలో గోధడి అన్నా మూలం ఇదే. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా సిద్దీలు కవంది అని కుడతారు, వాళ్ళు అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకి వస్తారు. మా పక్కింటి మలయ్ ఆవిడ గుడ్డముక్కల్ని "కైన్ పెర్చా" అంటుంది. మా అమ్మమ్మ బొంత చూసి, తమ ఇంట్లోనూ ఇలాంటిది ఉండేదంది.

మా ప్రాంతానికి తెలుగువాళ్ళు వచ్చింది ఎస్టేటు పనులకి. 1910లో ఒప్పంద కూలీ పద్ధతి పోయాక కంగాణీల వెంట, 1938లో భారత ప్రభుత్వం కూలీల వలసని ఆపేదాకా వస్తూనే ఉన్నారు. తెచ్చుకున్న మూటలో బట్టలే తక్కువ, వాటిలో చిరిగిపోయినవాటిని పారేయడమన్న ప్రశ్నే లేదు. ఇంతకీ వేడి దేశంలో బొంతెందుకని మీరడగచ్చు. బొంత కప్పుకోవడానికే కాదండీ, పరుచుకోవడానికి కూడా. సిమెంటు నేల మీద, చెక్క బల్ల మీద వెన్ను నొప్పెట్టకుండా మూడు పొరల నూలుగుడ్డ. చెమట పీలుస్తుంది, ఎండలో గంటన్నరలో ఆరుతుంది.

లెక్క చూద్దాం. చీర పొడవు సుమారు 5.5 మీటర్లు, పన్నా 1.15 మీటర్లు. పొడవుని మూడు మడతలు వేస్తే 1.8 మీటర్ల పొడవున్న, మూడు పొరల ఒంటిమనిషి బొంత వస్తుంది. అంటే ఒక చీరకి ఒక బొంత. మా ఊరికి అది చాలు. శ్రీకాకుళం చలికి ఇంకో చీర లోపల పెట్టి ఆరు పొరలు చెయ్యాలి. టొరాంటో వాళ్ళు మధ్యలో ఒక పాత పల్చటి కంబళి పెట్టుకోవచ్చు. మాలాగా వానల్లో ఆరబెట్టుకునేవాళ్ళు మాత్రం మూడు పొరలు దాటకండి, మందపాటి బొంత లోపల ఆరక వాసన పడుతుంది.

బట్ట ఎంచుకోవడం దగ్గరే సగం పని అయిపోతుంది. బాగా ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీరలే తీసుకోండి. కొత్తదీ పాతదీ కలిపితే మొదటి ఉతుకుకే కొత్తది కుంచించుకుపోయి బొంత ముడతలు తేలుతుంది. గంజి పూర్తిగా పోయేలా వేడినీళ్ళలో ఒకసారి ఉతకండి. రంగు పోతుందేమో చూడ్డానికి తడిపిన తెల్లగుడ్డతో ఒక మూల గట్టిగా రుద్దండి. గుడ్డకి రంగంటితే ఆ చీర వద్దు. పాలియెస్టరు చీర పైపొరగా వేస్తే చెమట పీల్చదు, పైగా కుట్టేటప్పుడు జారిపోతుంది. పట్టుచీర వద్దే వద్దు, జరీ ఒంటికి గీసుకుంటుంది.

తర్వాత నేల శుభ్రంగా తుడిచి, చాప పరిచి, దాని మీద మడతలు సవరించండి. నాలుగు మూలలా బరువులు పెట్టండి. అమ్మమ్మ రోకలిబండ పెట్టేది, నేను పాత ల్యాప్‌టాప్‌లు పెడతాను, మా ఇంట్లో వాటికి కొదవలేదు. ముందు మధ్య నుంచి అంచులవైపు పెద్ద పెద్ద టాకాలు వెయ్యాలి. ముడతలుంటే బయటికి పోతాయి. ఈ పని ఎగ్గొడితే చివర్లో బొంత మధ్యలో చిన్న గుట్ట లేస్తుంది, దాన్ని ఏ ఇస్త్రీ పెట్టే అణచలేదు. ఆ తర్వాత అసలు కుట్టు. సూదిని కిందికీ పైకీ ముంచి తేల్చడమే, రన్నింగ్ స్టిచ్ అంటారు చూడండి, అదే. దారం మూర పొడవు మించితే చిక్కుపడుతుంది. వరసకీ వరసకీ మధ్య ఒక అంగుళం, అంటే 2.5 సెంటీమీటర్లు. 1.15 మీటర్ల వెడల్పుకి 46 వరసలు, ఒక్కో వరస 1.8 మీటర్లు, వెరసి 83 మీటర్ల కుట్టు. గంటకి రెండు మీటర్లు వేసుకుంటే నలభై గంటలు దాటుతుంది. రోజుకి గంటన్నర కూర్చుంటే సుమారు నాలుగు వారాలు, సరిగ్గా మా వానలు పట్టుకున్నన్నాళ్ళు. మిషన్ మీద ఒక్క ఆదివారంలో అయిపోతుంది, అందులో తప్పేమీ లేదు. కానీ మిషన్ కుట్టుకి బొంత బిర్రబిగుసుకుపోతుంది. చేతికుట్టుకి పొరలు కొంచెం కదులుతాయి, ఆ మెత్తదనం అక్కణ్ణుంచే వస్తుంది.

దీపాలు పెట్టాక సూది పట్టకూడదంటారు పెద్దవాళ్ళు. కిరసనాయిలు దీపం రోజుల్లో కళ్ళకి మంచి సలహా. ట్యూబులైటు కింద నేను పాటించను.

పసిపిల్లలున్న ఇళ్ళవాళ్ళకి ఒక ముఖ్యమైన సంగతి. మనకి పొత్తిగుడ్డలు పాత చీరలతో చెయ్యడం అలవాటు, మెత్తటి బొంత మీద బిడ్డని పడుకోబెట్టడమూ అలవాటే. అయితే బిడ్డకి ఏడాది నిండేదాకా నిద్రపోయే తొట్టెలో దుప్పటి గానీ, బొంత గానీ, మెత్తటి దిండు గానీ ఉండకూడదని అమెరికన్ పిల్లల వైద్యుల అకాడమీ గట్టిగా చెబుతోంది. ముఖం గుడ్డలో కూరుకుపోతే ఊపిరాడదు. గట్టి పరుపు, దాని మీద బిగుతుగా ఒక పక్కగుడ్డ, బిడ్డ వెల్లకిలా పడుకోవడం, అంతే. అమ్మమ్మలు ఇండియా నుంచి వస్తూ ఎంతో ప్రేమగా చిన్న బొంత కుట్టి తెస్తారు. దాన్ని కాదనక్కర్లేదు. నూనె రాసి ఒళ్ళు పట్టేటప్పుడు, బిడ్డ మెలకువగా నేల మీద బోర్లా పడి ఆడుకునేటప్పుడు, మన కళ్ళెదుట ఉన్నంతసేపూ వాడండి. నిద్రకి మాత్రం వద్దు. "మిమ్మల్నందరినీ ఇలాగే పెంచాం" అంటారు. అననివ్వండి.

ఇప్పుడు కష్టమైన మాట. మనలో చాలామంది ఇళ్ళలో పోయినవాళ్ళ చీరలు పెట్టెల్లో ఉన్నాయి. మా అమ్మ పోయాక పెట్టె తీస్తే 31 చీరలు. పట్టువి 6, పాలియెస్టరువి 14, నూలువి 11. అన్నయ్య టొరాంటోలో, అక్క మెల్‌బోర్న్‌లో, నేనిక్కడ. పెట్టెలో పెడితే భద్రమని అందరం అనుకుంటాం కానీ, మా తేమలో పట్టు మడతల వెంబడే చీలిపోతుంది, జరీ నల్లబడుతుంది, నూలుకి బూజు మచ్చలు పడతాయి. పట్టుచీరలు ఉంచుకోదలిస్తే ఉతికిన తెల్ల నూలుగుడ్డలో చుట్టి, రెండు మూడు నెలలకోసారి మడత మార్చండి. ప్లాస్టిక్ సంచీలో వద్దు, కలరా ఉండలు జరీకి తగలనివ్వద్దు.

నూలు చీరల్ని బొంతలు చేద్దామన్నాను. పెద్దమ్మ ఒప్పుకోలేదు. "పోయిన మనిషి చీరకి కత్తెర పెడతావా?" అంది. అక్క రెండు వారాలు ఫోన్లో ఏ మాటా చెప్పలేదు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. అమ్మ ఎక్కువగా కట్టిన కనకాంబరం రంగు చీర ముట్టుకోలేదు, అది అక్కకి వెళ్ళింది. అన్నయ్య బొంతకి రెండు, అక్క బొంతకి రెండు, నాదానికి ఒకటి. మిగిలిన ఐదు చీరల్నీ జానెడేసి ముక్కలు చేసి మూడింటి పైపొరకీ సమంగా అతికాను. అంచులు కత్తిరించి చుట్టూ పట్టీగా వేశాను. అన్నయ్య కొడుకు వాళ్ళ బొంత మీద పడుకుని, ఏ ముక్క నానమ్మ ఎప్పుడు కట్టిన చీరదో ఫోన్లో నన్నడుగుతుంటాడు. పెట్టెలో ఉన్న చీర గురించి ఏ పిల్లాడూ అడగడు. పెద్దమ్మ మాత్రం మా ఇంటికొస్తే ఇప్పటికీ ఆ బొంత మీద కూర్చోదు.

గుడ్డముక్కలో మనిషిని నిలుపుకోవడం మన ఒక్కళ్ళ అలవాటే కాదు. జపాన్ సైన్యం ఆక్రమించిన సింగపూర్లో, 1942లో, చాంగీ జైల్లో ఉంచిన స్త్రీలు మూడు క్విల్టులు కుట్టారు. ఒక్కోదానికీ 66 చదరాలు. కెనడాకి చెందిన ఎథెల్ మల్వనీ అనే ఆవిడ దీనికి పూనుకుంది. వేరే చోట బందీలుగా ఉన్న భర్తలకి తాము బతికే ఉన్నామని తెలపడానికి, ఒక్కొక్కరు ఒక్కో చదరం మీద పేరు కుట్టారు. వాటిలో రెండు ఇప్పుడు కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియా యుద్ధ స్మారక మ్యూజియంలో, ఒకటి బ్రిటిష్ రెడ్‌క్రాస్ దగ్గరా ఉన్నాయి. అవే సంవత్సరాల్లో మలయా ఎస్టేట్లలో బట్ట దొరక్క జనం గోనెసంచులు కట్టుకున్నారు. సయాం-బర్మా రైలు మార్గం పనికి తీసుకుపోయిన తమిళ, తెలుగు కూలీల్లో వేలమంది తిరిగి రాలేదు. వాళ్ళ పేర్లు కుట్టడానికి ఎవరి దగ్గరా గుడ్డ లేదు. మా ఇంట్లో యుద్ధానికి ముందటి బట్ట ముక్క ఒక్కటి కూడా లేదు. అమ్మమ్మ బొంతలో అన్నిటికన్నా పాత పొర యుద్ధం అయ్యాక కొన్న చీరదే.

ఉతకడం గురించి చెప్పి ముగిస్తాను. చేతికుట్టు బొంతని మిషన్లో వెయ్యాల్సివస్తే పెద్ద దిండు గలీబులో పెట్టి, చన్నీళ్ళతో, నెమ్మదిగా తిరిగేలా వెయ్యండి. పిండకండి. ఒక తీగ మీద వేలాడదీస్తే తడి బరువుకి దారాలు సాగుతాయి, రెండు తీగల మీదుగా పరచండి. ఎక్కడైనా కుట్టు తెగితే ఆ రోజే రెండు పోగులు వెయ్యండి. చిరుగు పడితే మీద ఇంకో ముక్క అతకండి. మా అమ్మమ్మ బొంతకి ఇప్పటికి ఏడు అతుకులు పడ్డాయి, ఎనిమిదోదానికి ఈ వానల్లో ముక్క వెతుకుతున్నాను.