వంగే వెదురు, తిరిగే గోదారి

భద్రాచలం దిగువన పాపికొండల్లో లాంచీ ఎక్కినవాళ్లకు ఓ చిత్రం ఎదురవుతుంది. ముందు కొండ అడ్డంగా నిలబడి, గోదారి అక్కడితో ఆగిపోయిందేమో అనిపిస్తుంది. ఇంకాస్త దగ్గరికి పోగానే పక్కనుంచి దారి తెరుచుకుంటుంది. భద్రాచలం దగ్గర అంత విశాలంగా పారిన నది తూర్పు కనుమలను కోసుకుంటూ ఆ ఇరుకులో మెలికలు తిరుగుతుంది. నది మలుపు తిరిగినచోట వెలుపలి ఒడ్డు కోతపడుతుంది, లోపలి ఒడ్డున ఇసుక మేటవేస్తుంది. ఎందుకలా అన్నదాని మీద ఐన్‌స్టీన్ అంతటివాడు 1926లో ఒక వ్యాసమే రాశాడు. పైనున్న నీరు వెలుపలి గట్టు వైపు జరిగి కిందికి దిగుతుంది, అడుగునున్న నీరు ఇసుకను లోపలి గట్టుకు చేరవేస్తుంది.

ఈ కొండలకు ఇంగ్లిషు దొరలు పెట్టిన పేరు ‘బైసన్ హిల్స్’. ఇక్కడి గిరిజనులైన కొండరెడ్ల జీవితంపై మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1945లో ప్రచురించిన పుస్తకం పేరులోనూ అదే మాట ఉంది. బైసన్ అంటే మన అడవిదున్న. కొమ్ముకోయ గిరిజనులు ఆటకు దిగేటప్పుడు తలకు కట్టుకునే కొమ్ములు దానివే. ఆ కొమ్ము ముందు పక్కకు సాగి, పైకి లేచి, నల్లటి కొన దగ్గర లోపలికి తిరుగుతుంది. అడవిదున్న వేటను 1972 నాటి వన్యప్రాణి చట్టం నిషేధించింది. కాబట్టి తాతల నుంచి వచ్చిన జత పాడైతే మరో జత దొరకదు. వాటిని ప్రాణంగా చూసుకోవాల్సిందే.

ఇక వెదురు. ఈ అడవి అంచున దీన్ని మించిన వంపు విద్య లేదని నా నమ్మకం. కత్తిమొన దించి బొంగును నిలువునా చీలుస్తుంటే కణుపు కణుపుకీ ఫట్టుమని చప్పుడవుతుంది. లోపలి తెల్లటి మెత్తని భాగం చెక్కేసి, ఆకుపచ్చ పైపొర ఉన్న బద్దను అట్టిపెడతారు. దాన్ని నిప్పు సెగ మీద నిదానంగా తిప్పుతారు. పచ్చి బద్దయితే చివర నీరు ఉబికి చిటపటలాడుతుంది. నారపోగులను అంటిపెట్టుకుని ఉండే లిగ్నిన్ అనే పదార్థం వేడికి మెత్తబడుతుంది. అప్పుడు వంచి, చల్లారేదాకా కట్టి ఉంచితే వంపు నిలుస్తుంది. తొందరపడి ముందే విప్పితే బద్ద మళ్లీ సాగిపోతుంది.

అసలు వెదురు గాలివానకు అంతలా వంగి కూడా ఎందుకు విరగదు? ఏ కర్రను వంచినా ఒక వైపు సాగుతుంది, మరో వైపు నొక్కుకుపోతుంది. ఆ ఒత్తిడంతా పైపొర మీదే ఎక్కువ. నడిమధ్యన దాదాపు ఉండదు. వెదురులో గట్టి నార దట్టంగా ఉండేది సరిగ్గా పైపొరలోనే, మధ్యలో ఉన్నది ఖాళీ. బొప్పాయి కాడ కూడా బోలుదే కానీ వంచితే చప్పున నొక్కుకుపోతుంది, లోపల అడ్డుపొరలు లేవు మరి. వెదురుకు ప్రతి కణుపు దగ్గరా ఓ అడ్డుపొర ఉంటుంది.

శాస్త్రం ప్రకారం వెదురు గడ్డిజాతి మొక్క. అయినా మన అటవీ చట్టం దాన్ని చాలాకాలం చెట్ల కిందే లెక్కగట్టింది. అడవి వెదురు చిన్నతరహా అటవీ ఫలసాయమని, దానిపై గిరిజనులకు హక్కుందని 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఒప్పుకుంది. అడవి బయట పెరిగే వెదురును చెట్ల జాబితా నుంచి తీసేసరికి 2017 వచ్చింది. బుట్టలల్లి బతికే ఇళ్లకు అది చాలా ఆలస్యంగా దక్కిన న్యాయం.

 

వేసవిలో కోసే తునికాకు గొప్పతనం కూడా వంగడంలోనే ఉంది. తడిపి ఆరబెట్టిన ఆకును పొగాకు చుట్టూ బిగించి చుట్టినా చిట్లదు. అందుకే బీడీకి ఇది కుదిరినట్టు మరో ఆకు కుదరలేదు. లేత ఆకు కావాలి కాబట్టి కోతకు కొన్ని వారాల ముందే పొదలను నరికి కొత్త చిగుళ్లు వచ్చేలా చేస్తారు.

విస్తళ్లు కుట్టే అడ్డాకు తీగ మహావృక్షాల కొసలదాకా పాకుతుంది. నులితీగలను చుట్టచుట్టగా చాచి కొమ్మను పట్టుకుంటుంది. నులితీగల్లో ఒక వింతను డార్విన్ 1865లోనే వివరించాడు. రెండు కొసలూ బిగిసిపోయాక నులితీగ ఒకే దిక్కుకు చుట్టుకోలేదు, మెలిపడిపోతుంది. అందుకని సగం చుట్లు ఒకవైపు, మిగతా సగం ఎదురువైపు తిరుగుతాయి. నడుమ చిన్న ముక్క నిటారుగా మిగులుతుంది. దీన్ని చూడటానికి అడవిదాకా వెళ్లక్కర్లేదు, పెరట్లో బీరపాదు ఉంటే చాలు.