పాత బండికి కొత్త గుండె

గృహము స్థిరము, శకటము చరము. ఈ రెంటిని ఒక్కచోట కూర్చిన వస్తువు కాంపరు వ్యాను. అందు పడకయు, పొయ్యియు, నీళ్లతొట్టియు, బట్టల అరలును ఉండును; క్రింద నాలుగు చక్రములును ఉండును. పరుపు చిరిగినచో కుట్టుకొనవచ్చును. పొయ్యి చెడినచో మార్చుకొనవచ్చును. ఇంజను ఆగిపోయినపుడు మాత్రము అది ఇల్లును కాదు, బండియును కాదు. పెరటిలో నిలిచిపోయిన రేకులగది. నలుబది యేండ్ల నాటి ఇట్టి వ్యానులను పాత ఇనుము క్రింద అమ్మివేయక, మరియొక డీసెలు ఇంజనును తెచ్చి యెక్కించి, మరల దారిని బెట్టువారు ఐరోపా ఖండమున, విశేషించి జర్మనీ, బ్రిటను దేశములలో, పలువురు కలరు. ఇది పైకి కేవలము మెకానిక్కుల వ్యవహారమువలె తోచును. కాని పాతదానిని నిలుపుకొనుట యనగా నేమి, ఎంత మార్చినను అది అదిగానే నిలుచుటకు హద్దు ఎక్కడ, అను ప్రశ్న దీనియందు ఇమిడియున్నది.

వంశవృత్తాంతము

ఈ వ్యానుల కథ 1947లో ఒక నోటుపుస్తకపు పుటపై మొదలైనది. బెన్ పోన్ అను డచ్చి వర్తకుడు జర్మనీలోని వోక్సువాగన్ కర్మాగారమును చూడబోయి, చక్రములపై నిలిపిన పెట్టెవంటి బండి నొకదానిని పెన్సిలుతో గీచెను. నడుపువాడు కొసను ముందు, ఇంజను కొసను వెనుక, నడుమ నంతయు ఖాళీ చోటు. 1950లో ఆ బొమ్మ బండియై వుల్ఫ్స్‌బర్గు కర్మాగారమునుండి వెలువడెను. మరుసటి యేడు వెస్ట్‌ఫాలియా అను సంస్థ ఆ ఖాళీచోటులో నమర్చుటకు కావలసిన పడకలను, అరలను తయారుచేసెను. ప్రయాణమునకు పోవునపుడు వానిని బిగించుకొనవచ్చును. తిరిగివచ్చి వాడుక పనులకు బండిని పూన్చునపుడు తీసివేయవచ్చును.

ఈ వంశములోని మూడవతరము 1979లో వచ్చినది. జర్మనులు దానిని టి-3 అనిరి. బ్రిటనులో టి-25 అనియు, అమెరికాలో వనగన్ అనియు పేర్లు కలిగెను. మొదట దానికి గాలిచే చల్లబడు పెట్రోలు ఇంజనులు ఉండెడివి. 1981లో డీసెలు వచ్చెను. అది ఈ బండికొరకు పుట్టిన ఇంజను కాదు. గోల్ఫ్ అను చిన్న కారునుండి తెచ్చిన 1,588 ఘన సెంటీమీటర్ల ఇంజను. దాని బలము 50 అశ్వశక్తులు. వెనుకనున్న అరుగు క్రింద అది నిలువుగా పట్టలేదు. కావున దానిని 50 డిగ్రీలు ఒక ప్రక్కకు ఒరిగించి అమర్చిరి. ఈనాడు ఇంజనును మార్చదలచినవాడు ఈ యొరుగును మరువరాదు. అతని చిక్కులలో సగము దీనినుండియే పుట్టును.

ఏబది అశ్వశక్తులు చిన్న కారునకు చాలును. పడకలు, పొయ్యి, నీళ్లు, సంసారము, సామానులు నిండిన తరువాత రెండు టన్నులకు పైబడి తూగు బండికి అది పరీక్షయే. పూటబండికి కోడెదూడలను కట్టినట్లయ్యెను. ఎత్తు వచ్చినపుడెల్ల పెడలును అడుగంట త్రొక్కిపట్టవలసినదే. 1985 ప్రాంతమున టర్బో చేర్చి 70 అశ్వశక్తులు చేసిరి. కాని యాతన పూర్తిగా తీరలేదు. జర్మనీలో ఈ బండి ప్రధానోత్పత్తి 1990లో ముగిసెను. దక్షిణాఫ్రికాలో 2002 వరకు సాగెను. ఏండ్ల తరబడి నిండుబరువుతో మోసిన ఇంజనులు క్రమముగా అలసిపోయెను. హెడ్డులో కవాటముల నడుమ బీటలు వారును, నూనె తరుగును, వెనుక పొగ పెరుగును, చలియుదయములందు ఎంత త్రిప్పినను ఇంజను పలుకదు. మన మెకానిక్కులు "ఇంజను బోరుకు వచ్చినది" అందురే, అదియే ఆ స్థితి.

ఊపిరిలో నున్న అగ్ని

డీసెలు ఇంజనుకు ప్రాణమెక్కడ నున్నదో తెలిసికొనిననే దాని మరణకారణము తెలియును. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ ఇంధనమును వెలిగించును. డీసెలులో రవ్వ లేదు. సిలిండరులోని గాలిని పిస్టను ఇరువది మూడవ వంతునకు నొక్కివేయును. ఆ నొక్కుడుచేతనే గాలి 600 డిగ్రీల సెంటిగ్రేడు దాటి కాగును. ఆ క్షణమున నాజిలునుండి చిమ్మబడిన నూనె తనంతట అంటుకొనును. రుడాల్ఫ్ డీసెల్ ఈ భావమునకు 1892లో పేటెంటు కోరెను. ఆగ్‌స్బర్గు నగరమున పనిచేయు యంత్రమును చూపుటకు 1897 వరకు శ్రమింపవలసి వచ్చెను. ఇట్టి యంత్రమున పిస్టను రింగులు అరిగినను, కవాటము సరిగా మూయకపోయినను నొక్కుడు తగ్గును. నొక్కుడు తగ్గినచో వేడి చాలదు. వేడి చాలనిచో అగ్ని లేదు. కావుననే పాత ఇంజనును కొనువాడు మొట్టమొదట చూడవలసినది దాని పైమెరుగు కాదు, నాలుగు సిలిండర్లలోని నొక్కుడు. ఆ నాలుగు అంకెలును ఒకదానికొకటి దగ్గరగా నున్నవా లేవా యనునదియే దాని జాతకము.

ఎంత బలము తగును?

ఇంజను పోయినపుడు యజమాని యెదుట మూడు మార్గములు నిలుచును. పాత ఇంజనునే బోరు చేయించి, క్రొత్త పిస్టనులు వేయించి నిలుపుట మొదటిది. ఇది పాతివ్రత్యము వంటిది. ఖర్చుకు వెరవరాదు, బలము పెరుగునను ఆశయు ఉండరాదు. రెండవది, అదే వంశములో తరువాత పుట్టిన 1,896 ఘన సెంటీమీటర్ల టర్బో ఇంజనును తెచ్చుట. ఎ.ఎ.జెడ్. అను మూడక్షరముల గుర్తుతో 1990 దశకమున గోల్ఫ్, పస్సాట్ కార్లలో అది వచ్చినది. దాని బలము 75 అశ్వశక్తులు. దానిలో ఇంధనపు పంపు యాంత్రికమైనదే గనుక పాత బండి భాష దానికి తెలియును. మూడవది, నూనెను సూటిగా సిలిండరులోనికే చిమ్ము టి.డి.ఐ. ఇంజను. అది 90, 110 అశ్వశక్తులలో దొరకును. కాని దాని పంపును నడుపునది ఎలక్ట్రానిక్ పెట్టె. ఇంజనుతోపాటు దాని తీగలజడను, ఆ పెట్టెను, పెడలు మీటను గూడ పాత బండిలోనికి దింపవలెను.

ఇచ్చట యజమాని మనస్సు సహజముగా పెద్ద అంకెవైపు మొగ్గును. ఏబదితో అవస్థపడినవాడు నూటపది వినగానే పొంగిపోవును. కాని బండి యనగా ఇంజను మాత్రమే కాదు. ఆ గేరుబాక్సు ఏబది అశ్వశక్తులను దృష్టిలో నుంచుకొని పండ్లు తీర్చినది. దానికి రెట్టింపునకు మించిన బలమును తగిలించినచో, ఇంజను వేగముగా గిలగిల తిరుగునే గాని బండి హాయిగా సాగదు. పైగేర్లను మార్పించవలసి వచ్చును. బలము పెరిగినచో వేగము పెరుగును. బ్రేకులు మాత్రము పాతవే. ఇంజను వెనుక నుండుటచే దానికి ఎదురుగాలి తగులదు. వేడి పెరిగినచో అది పోవుటకు దారి వెదుకవలెను.

కాశ్మీరదేశపు క్షేమేంద్రుడు కావ్యమునకు ఔచిత్యమే జీవితమనెను. అలంకారము గొప్పదగుట చాలదు, ఉన్నచోట తగియుండవలెను. ఈ మాట యంత్రములకును వర్తించును. కొత్త గుండె యొక్క బలమును నిర్ణయించునది ఆ గుండె కాదు. పాత శరీరములోని బలహీనమైన అవయవము. అనుభవజ్ఞులైనవారు పలువురు 75 అశ్వశక్తుల వద్దనే నిలిచిపోవుట కిదియే కారణము. ఏబదినుండి డెబ్బదియైదు అనగా మొదటిదానిపై సగము ఎక్కువ. గట్టు ఎక్కును, గేరుబాక్సు విరుగదు.

దించుట, ఎక్కించుట

ఇంజనును దించుట రెండు మూడు గంటల పని. ఎక్కించుటకు ముందు చేయవలసిన పనియే వారముల కొలది ఉండును. బండి వెనుకభాగమును ఎత్తుగా నిలిపి, బ్యాటరీ తీగను విప్పి, నీటిని, నూనెను వార్చి, గొట్టములను, తీగలను ఒక్కొక్కటిగా గుర్తులు కట్టి విడదీయుదురు. గేరుబాక్సుకు ఆధారమిచ్చి, ఇంజను క్రింద జాకీ పెట్టి, బోల్టులు తీసి, వెనుకకు జరిపి నేలపైకి దించుదురు.

కొత్తగా తెచ్చినది కారులో వేరొక తీరున నిలుచుటకు చేసిన ఇంజను. ఇచ్చట అది 50 డిగ్రీలు ఒరిగి పండుకొనవలెను. కావున పాత ఇంజనునుండి అడుగుతొట్టిని, నూనె పీల్చు గొట్టమును, ఇంజనును మోయు బ్రాకెట్లను, నూనె కొలుచు పుల్లను, దాని గొట్టమును తీసి దీనికి బిగింపవలెను. లేనిచో నూనె ఒకచోట నిలుచును, పీల్చుగొట్టము మరియొకచోట నుండును, కొలతపుల్ల అబద్ధమాడును. టర్బోనుండి నూనె తన బరువుచేతనే క్రిందికి జారవలెను. ఆ గొట్టము ఎదురెక్కునట్లున్నచో టర్బో నిలువదు. మరణించిన ఇంజను ఈ విధముగా తన అవయవములను దానమిచ్చియే పోవును.

ఇంజను నేలపై నున్నపుడే క్లచ్చి పళ్లెము, నీటిపంపు, టైమింగు బెల్టు, నూనెసీళ్లు మార్చుట బుద్ధిమంతుల పద్ధతి. స్వల్పమూల్యము గల రబ్బరు సీలును నేడు మార్చక విడిచినచో, అది కారిననాడు ఇంజనునంతటిని మరల దింపవలసి వచ్చును. హెడ్డు విప్పిన పక్షమున గాస్కెట్టు విషయమున జాగ్రత్త అవసరము. పిస్టను దిమ్మెకంటె ఎంత పైకి పొడుచుకొని వచ్చినదో కొలిచి, అందుకు తగినట్లు ఒకటో, రెండో, మూడో గంట్లున్న గాస్కెట్టును ఎన్నుకొనవలెను. ఈ గంట్లు అలంకారములు కావు, మందముల గుర్తులు. టైమింగు బెల్టు ఒక పన్ను తప్పినను కవాటమును పిస్టను వచ్చి తాకును; పంపు నూనె చిమ్ము కాలమును మిల్లీమీటరులో నూరవవంతులు చూపు డయలుతో సరిచేయవలెను. రెండు టన్నుల బండి భవితవ్యము వెండ్రుకవాసి కొలతపై నాధారపడియుండుట యంత్రవిద్యలోని విచిత్రము.

చివరిది నీటి చిక్కు. ఇంజను వెనుక, రేడియేటరు ముందు. నడుమ బండి పొడవంతయు నీటిగొట్టములు ప్రాకును. వానిలో గాలి చిక్కినచో నీరు తిరుగదు. మొదటి ప్రయాణముననే హెడ్డు కాలును. అందువలన బండి ముందుభాగమును పైకెత్తి, రేడియేటరు నెత్తిమీది మరను వదలించి, ఇంజను నడుచుచుండగా, బుడగలు మాని నీరు ధారగా వచ్చువరకు పోయుదురు. ఇంజనును మొదట వెలిగించుటకు పూర్వము ఇంధనమును ఆపి ఉత్తగా కొంతసేపు త్రిప్పి, నూనె అన్ని సందులకు చేరనిచ్చుట కూడ ఆచారము. తొందరపాటువలన బొత్తిగా కొత్త ఇంజనులు సైతము ఈ ఘట్టముననే నశించును.

కాగితములపై నున్న గుండె

యంత్రము ఒప్పుకొన్నంత మాత్రమున ప్రభుత్వము ఒప్పుకొనవలెనను నియమము లేదు. బ్రిటనులో ఇంజను మారినచో దాని నంబరును, పరిమాణమును వాహనపు రిజిస్ట్రేషను పత్రమున మార్పించుకొనవలెను. జర్మనీలో పరీక్షకుడు బండిని చూచి మార్పును పత్రములపై నెక్కించిననే అది రోడ్డుపైకి రావచ్చును. 30 ఏండ్లు నిండిన బండ్లకు ఆ దేశము 1997 నుండి "హెచ్" అక్షరముగల నంబరుపలక నిచ్చుచున్నది. 2008లో బెర్లిను మొదలగు నగరములు పొగబండ్లకు హద్దులు గీచినపుడు ఈ పలకగల బండ్లకు మినహాయింపు లభించినది. కాని ఇందొక నిబంధన కలదు. చేసిన మార్పు ఆ బండి తొలి పదేండ్లలో చేయదగియుండినదై యుండవలెను. 1986 నాటి వ్యానుకు 1990 దశకపు తొలినాళ్ల ఇంజను ఈ లెక్కలో ఇముడును. చాల తరువాతిదైనచో పరీక్షకుని ఒప్పించుట కష్టము. బలము విషయమున యంత్రము చెప్పిన మాటనే కాలము విషయమున చట్టము చెప్పుచున్నది. మన దేశమునను 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను బండి మార్పులకు హద్దులు పెట్టినది. విజయవాడ ఆటోనగరులో లారీ ఇంజనును దించి యెక్కించు చేతులకు పై విద్య యంతయు తెలిసినదే. పత్రములు సరిచేసికొనవలసిన బాధ్యత మాత్రము యజమానిదే.

అదియే బండియా?

గుండె మారినది, నంబరు మారినది, ధ్వనియు మారినది. అయినను ఇంటివారు దానిని "మా బండి" యనియే యందురు. ఇది మమకారపు మాట మాత్రమే కాదు. ఇంజనులు లక్షల సంఖ్యలో తయారైనవి. ఒకటి పోయిన మరియొకటి పాత సామానుల అంగడిలో దొరకును. ఆ రేకు శరీరమును మాత్రము నేడెవ్వరును తయారుచేయుట లేదు. దాని అతుకుల సందులలో త్రుప్పు నిశ్శబ్దముగా పనిచేయుచుండును. పొగ విడిచి, చప్పుడుచేసి మొరపెట్టుకొనునది ఇంజను. మొరపెట్టుకొనకయే నశించునది శరీరము. కొత్త ఇంజనుకు డబ్బు కూడబెట్టువాడు మొదట బండి క్రింద పండుకొని, అతుకులను సుత్తిపిడితో తట్టి చూడవలెననుట అందుచేతనే. రేకు గలగల రాలినచో ఆ డబ్బు వెల్డింగునకే చెందవలెను.

పరకాయప్రవేశపు కథలలో జీవుడు శరీరమును మార్చును. ఇచ్చట శరీరమే నిలిచి జీవుని మార్చుకొనుచున్నది. పాతవస్తువును నిలుపుకొనుట యనగా దానిని మార్పు సోకకుండ పెట్టెలో దాచుట కాదు. దాని బలహీనత నెరిగి, అది మోయగలిగినంత కొత్తదనమును మాత్రమే దానికి ఇచ్చుట. ఆ కొలత తెలిసినవాని బండి మునుపటికంటె కొంచెము చురుకుగా గట్టు ఎక్కును. వెనుక కూర్చున్న పిల్లలకు మార్పు జరిగినట్లే తెలియదు. ఆ పనికి అంతకుమించిన మెప్పు లేదు.