కొలిచి చూసే విద్య

విద్యుత్తు కంటికి కనిపించదు. అది చేసే పనులు మాత్రమే కనిపిస్తాయి. దీపం వెలిగితే విద్యుత్తు ఉన్నదనీ, ఆరిపోతే లేదనీ అనుకోవడం సామాన్యుల అలవాటు. అది ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, ఎంత ఉండవలసిన చోట ఎంత ఉన్నది అని ప్రశ్నించి, కొలిచి, సమాధానం రాబట్టడమే ఎలక్ట్రానిక్స్ అభిరుచికి ప్రాణం.

1967వ సంవత్సరం తెలుగువారు గుర్తుంచుకోదగినది. ఆ ఏడాది ఏప్రిల్‌లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ అనే ప్రభుత్వ సంస్థ వెలసింది. ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడుదలై పల్నాటి నేలను తడిపింది. ఆ సంస్థ వ్యవస్థాపకులు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లుకు చెందిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావు. టెలివిజన్లు, కంప్యూటర్లు, ఓటింగు యంత్రాలు అక్కడ తయారయ్యాయి. అంత పెద్ద కర్మాగారంలోనైనా, నరసరావుపేటలో ఒక విద్యార్థి బల్ల మీదనైనా పని నడిపించే సూత్రాలు ఒక్కటే.

ఈ అభిరుచి మొదలుపెట్టడానికి ఎక్కువ ధనం అవసరం లేదు. ఒక డిజిటల్ మల్టీమీటరు, ఒక బ్రెడ్‌బోర్డు, చిన్న కటింగ్ ప్లేయరు, సన్నని మొనల నోస్ ప్లేయరు, రెండు మూడు స్క్రూడ్రైవర్లు, కొన్ని తీగలు, ఒక 9 ఓల్టుల బ్యాటరీ చాలు. ఆడలేక మద్దెల ఓడన్నట్లు పనిముట్లను నిందించరాదన్న మాట నిజమే. కాని మద్దెల నిజంగానే ఓటిదైతే ఎంతటి నర్తకికైనా తాళం తప్పుతుంది. అందువల్ల ఉన్న డబ్బులో ఎక్కువ భాగం మల్టీమీటరుకే కేటాయించడం వివేకం. అది తప్పు చెబితే తక్కిన శ్రమంతా వృథా అవుతుంది. కొత్త బ్యాటరీ ఓల్టేజిని కొలిచి చూస్తే మీటరు తీరు కొంత తెలుస్తుంది. నిరోధాన్ని కొలిచేటప్పుడు వలయానికి బ్యాటరీ కలిపి ఉండరాదు. విద్యుత్ ప్రవాహాన్ని కొలిచే అమరికలో మీటరును నేరుగా బ్యాటరీ కొసలకు తాకించరాదు.

తొలి ప్రయోగంగా ఎర్రని ఎల్.ఇ.డి. దీపాన్ని వెలిగించవచ్చు. దానిని బ్యాటరీకి నేరుగా కలిపితే మాడిపోతుంది. 9 ఓల్టులలో దీపానికి సుమారు 2 ఓల్టులు పోగా 7 ఓల్టులు మిగులుతాయి. ప్రవాహం 15 మిల్లీ ఆంపియర్లు ఉండాలంటే ఓమ్ నియమం ప్రకారం దాదాపు 467 ఓముల నిరోధం కావాలి. అంగడిలో దొరికే 470 ఓముల నిరోధకం దానికి సరిపోతుంది. పుస్తకంలో కంఠస్థం చేసిన సూత్రం ఇక్కడ ఒక దీపాన్ని కాపాడుతుంది.

దీని తరువాత ఒక ట్రాన్సిస్టరును చేర్చితే నేల తడిని సూచించే సాధనం తయారవుతుంది. కొద్ది దూరంలో రెండు మేకులను మట్టిలో గుచ్చాలి. ఒకదానిని బ్యాటరీ ధన ధ్రువానికి, రెండవదానిని 10 వేల ఓముల నిరోధకం ద్వారా ట్రాన్సిస్టరు బేస్‌కు కలపాలి. తడిమట్టి గుండా పారే స్వల్ప ప్రవాహం ట్రాన్సిస్టరును మేల్కొలిపి దీపాన్ని వెలిగిస్తుంది. మట్టి ఎండేకొద్దీ వెలుగు తగ్గుతుంది. మాచర్ల, గురజాల ప్రాంతాల పత్తి, మిరప చేలలోని మట్టిని ఒక కుండీలో నింపి దీనిని పరీక్షించవచ్చు. అయితే మేకులు క్రమంగా తుప్పుపడతాయి. మట్టిలోని లవణాలను బట్టి కూడా ఫలితం మారుతుంది. సాధనం చెప్పేదానిని తడిమి చూసిన మట్టితో పోల్చుకోవడం కూడా ప్రయోగంలో భాగమే.

వలయం బ్రెడ్‌బోర్డు మీద సరిగా పనిచేసిన తరువాతే సాల్డరింగ్ నేర్చుకోవాలి. 25 వాట్ల సాల్డరింగ్ ఐరన్ ఇందుకు చాలు. 60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం గల సాల్డరు తీగ సుమారు 190 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. ముందుగా అతుకవలసిన చోటును వేడిచేసి, అక్కడ తీగను తాకించాలి. సీసం విషపదార్థం కనుక గాలి ఆడే చోట పనిచేసి, ముగిసిన వెంటనే చేతులు కడుక్కోవాలి.

ఉత్సాహం ఎంత ఉన్నా ఒక హద్దు దాటరాదు. ఇంటి విద్యుత్తు 230 ఓల్టులు. పొలంలోని త్రీ ఫేజ్ మోటారు స్టార్టరులో అది 400 ఓల్టులకు పైబడి ఉంటుంది. రెండూ ప్రాణాంతకమే. స్విచ్ ఆపిన తరువాత కూడా పాత టెలివిజన్ల కెపాసిటర్లలో విద్యుదావేశం నిలిచి ఉండవచ్చు. కొత్తగా నేర్చుకొనేవారు బ్యాటరీలతోనే పనిచేయాలి. తక్కినవి అనుభవజ్ఞుల పని.

ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో అర్ధవాహకాల పాఠం ఉన్నది. దానిని చదివి మార్కులు పొందవచ్చు. తన చేతితో ఒక వలయాన్ని నిర్మించి, అది పనిచేయనప్పుడు కారణాన్ని కొలిచి కనుగొన్న విద్యార్థికి మాత్రం ఆ పాఠం సొంతమవుతుంది. ఊహించడం మాని కొలవడం నేర్చినవాడు ఏ రంగంలోనైనా తన తప్పును తానే దిద్దుకోగలడు.